సంఘపోళ్ళందరు రావాలె

మణుగూరు బజారులో డీటీపీ షాపు నడిపే ఆయన ఒకప్పుడు నా దగ్గర తెలుగు చదువుకున్నాడు. నేను రిటైరై ఇంట్లో కూర్చున్నానని తెలిసి ప్రూఫులు పంపడం మొదలుపెట్టాడు. పెళ్ళి పత్రికలు, యూనియన్ కరపత్రాలు, శ్రద్ధాంజలి కార్డులు. చనిపోయినవాళ్ళ ఫొటో కింద "అశృనయనాలతో" అని పడకుండా చూడడమే ఈ ఊరికి నేను చేస్తున్న సేవ. పిల్లల కాంపోజిషన్లు దిద్దీ దిద్దీ నా కంటికి తప్పు తప్ప ఇంకేదీ ఆనకుండా పోయిందని మా ఆయన అంటుంటారు. ఆ మాటలో అబద్ధమేమీ లేదు.

అట్లాంటి నా దగ్గరికి ఒక పాస్టరు గారు తన పరిశోధన వ్యాసం పట్టుకుని వచ్చాడు. నలభై దాటిన మనిషి, మధిర వైపు నుంచి వచ్చినవాడు. పినపాక అవతల అడవిలో ఒక కోయగూడెంలో రేకుల షెడ్డు వేసుకుని చర్చి నడుపుతున్నాడు. పక్కన దూరవిద్యలో వేదాంతం చదువుతున్నాడు. వ్యాసం పేరు "క్రైస్తవ వేదాంతము, ప్రజాజీవితము: చారిత్రక మూలములు". ఆ పేరు చూడగానే నాకు నీరసం వచ్చింది. మాది మిరప తోటల కోసం కృష్ణా జిల్లా నుంచి ఇటు వచ్చి స్థిరపడ్డ కుటుంబం. ఇంట్లో వెంకటేశ్వరస్వామి పటం, శ్రీరామనవమికి భద్రాచలం, అంతకు మించి మతం గురించి ఆలోచించే తీరిక మా ఇంట్లో ఎవరికీ లేదు. ఏజెన్సీలో మా వాళ్ళకు భూములు ఎట్లా వచ్చాయన్నది వేరే కథ, అది ఇక్కడ చెప్పను.

"మీరు హిందువులని తెలిసే వచ్చాను టీచర్ గారూ," అన్నాడు. "మా వాళ్ళకిస్తే తప్పులు కనపడవు. ఆ భాష మాకు అలవాటైపోయింది."

ఆ మాటతో కాగితాలు తీసుకున్నాను.

మొదటి పేజీలోనే గొడవ వచ్చింది. ప్రతి రెండో వాక్యంలో "సంఘము" అని ఉంది. నేను పక్కన ఎర్ర సిరాతో "ఏ సంఘం?" అని రాశాను. మా ఊళ్ళో ఆ మాట అంత తేలికగా వాడేది కాదు. గని కార్మికుడి నోట సంఘం అంటే యూనియన్. ఆడవాళ్ళ నోట సంఘం అంటే పొదుపు సంఘం, దాని నెలవారీ మీటింగు. అడవి ఊళ్ళలో వయసు మళ్ళినవాళ్ళ ముందు సంఘం అంటే ఒకసారి వెనక్కి తిరిగి చూసి గొంతు తగ్గిస్తారు, ఎందుకంటే వాళ్ళకది తుపాకుల రోజుల మాట. చర్చివాళ్ళకు మాత్రం సంఘం అంటే చర్చి. పాస్టరు సంఘ కాపరి, చర్చిలో పెద్దరికం చేసే ఆయన సంఘపెద్ద, వచ్చేవాళ్ళు సంఘస్తులు.

ఇదంతా చెబితే పాస్టరు గారు నవ్వాడు. ఈ వైపుకు వచ్చిన కొత్తలో చెక్‌పోస్టు దగ్గర పోలీసులు ఎవరు నువ్వని అడిగితే "సంఘ కాపరిని సార్" అన్నాడట. బైబిలు తెరిచి పాట పాడి చూపించేదాకా కదలనివ్వలేదట. అప్పటి నుంచి పాస్టర్ని అనే చెబుతున్నానన్నాడు.

"మరి వ్యాసంలో కూడా చర్చి అనే రాయండి, సుఖం," అన్నాను.

"అక్కడే వచ్చిందండీ చిక్కు. గ్రీకులో ఉన్న మూలపదం గుడి మాట కాదు, ఊరి మాట. పట్నంలో ఓటున్న జనం బహిరంగంగా కూడి ఊరి సంగతులు తేల్చుకునే సమావేశాన్ని అట్లా పిలిచేవాళ్ళు. మొదటి క్రైస్తవులు తమ కూడికకు ఆ మాటే పెట్టుకున్నరు. గుళ్ళకూ పూజలకూ అప్పటికి వేరే మాటలు ఎన్నో ఉన్నయ్. వాటిని తీసుకోలేదు."

"అంటే గ్రామసభ అన్నమాట."

ఆయన పెన్ను తీసి ఆ మాట కాగితం అంచున రాసుకున్నాడు. "అట్లా నేను అనుకోలేదండీ," అన్నాడు.

ఆ తర్వాత ఆయన వారానికోసారి వచ్చేవాడు. మధ్యాహ్నం పూట వచ్చి, వరండాలో కూర్చుని, నేను ఎర్రసిరా పెట్టిన ప్రతిచోటా నాతో వాదించేవాడు. ఓడిపోయినా కోపం తెచ్చుకోడు. అట్లాంటి మనిషితో వాదించడం నాకు ఇష్టం. ఆ వాదనల్లోనే నాకు తెలియని చరిత్ర కొంత తెలిసింది. రోము రాజ్యంలో చక్రవర్తి బొమ్మ ముందు చిటికెడు ధూపం వేయమంటే ఈ మనుషులు వేయలేదు. చిటికెడు సాంబ్రాణికి ప్రాణం పోగొట్టుకోవడం ఏమిటని నేనంటే, అది పూజ ఒక్కటే కాదు, రాజ్యంలో నేనూ ఒకణ్ణని ఒప్పుకునే గుర్తు కూడా, అందుకే అంత గొడవ అన్నాడు. ఊరి పండుగలకు రారని, ఊరి దేవుళ్ళకు మొక్కరని, వీళ్ళసలు మనుషుల్నే ఓర్వలేని వాళ్ళని ఇరుగుపొరుగు తిట్టిపోసేవాళ్ళట. మరో పక్క అదే ఊళ్ళో జబ్బు చేసి వదిలేసినవాళ్ళ దగ్గర వీళ్ళే కూర్చునేవాళ్ళట. తర్వాత చక్రవర్తే ఆ మతంలోకి వచ్చాడు. వచ్చాక ఇంకో తంటా. జనాన్ని చంపించిన చక్రవర్తిని గుళ్ళోకి రానివ్వకుండా ఆపిన బిషప్పు ఒకడు, చక్రవర్తి ఏం చేసినా దీవించినవాళ్ళు అనేకులు. ఇదంతా మాకొద్దని ఎడారిలోకి వెళ్ళిపోయినవాళ్ళు కొందరు. చాలా శతాబ్దాల తర్వాత దేవుడి రాజ్యం ఒకటి, లోకం రాజ్యం ఇంకొకటి అని గీత గీసినవాళ్ళు, ఆ గీత ఎక్కడ గీయాలో తెలియక కొట్టుకున్నవాళ్ళు. చివరి అధ్యాయంలో గోదావరి మీద పడవల్లో వచ్చి ఈ అడవి ఒడ్డున బడి, దవాఖానా పెట్టిన దొరలు.

"బాగుంది. మరి మీ షెడ్డు సంగతి ఏ అధ్యాయంలో ఉంది?" అన్నాను ఒకరోజు.

మా షెడ్డు ఇందులో లేదన్నాడు. తన చర్చి పాత మిషను వాళ్ళది కాదట. లోకానికి వేరుగా ఉండమని చెప్పే పద్ధతి వాళ్ళది. విశ్వాసులు కోర్టుకు పోరు, పంచాయతీ తగవుల్లో సాక్ష్యం చెప్పరు, ఊరి మీటింగులకు దూరంగా ఉంటారు, ఒట్టు పెట్టుకోరు. ఇవన్నీ ఆయన రాకముందు నుంచే ఉన్న కట్టుబాట్లు. ఆయనా వచ్చిన కొత్తలో అవే బోధించాడు.

సాక్ష్యం అనే మాట దగ్గర మాకు ఇంకో గొడవ. వ్యాసంలో "సాక్ష్యము పంచుకొనుట" అని రాశాడు. పంచుకోవడానికి అదేమన్నా ప్రసాదమా, సాక్ష్యం చెబుతారు అని కొట్టేశాను. మా వాళ్ళు అట్లాగే అంటారన్నాడు. వాళ్ళ ఆరాధనలో ఒక్కొక్కరే లేచి, తాము ఒకప్పుడు ఎట్లా ఉన్నారో, దేవుడు ఎట్లా మార్చాడో అందరి ముందు చెప్పడం ఆనవాయితీ. దాన్నే సాక్ష్యం అంటారు. గ్రీకులో ఆ మాట కూడా గుడిది కాదని, కోర్టులో లేచి నేను చూశానని చెప్పేవాడి పేరని, ఆ మాట చెప్పినందుకు చచ్చినవాళ్ళ వల్ల అది అమరుడి పేరైందని చెప్పాడు.

"కోర్టు మాట తీసుకొచ్చి షెడ్డులో పెట్టుకుని, కోర్టుకు మాత్రం పోవద్దంటారా?" అన్నాను.

ఆయన ముఖం వాడిపోయింది. నేను వాదన కోసం అన్న మాట ఆయనకు ఎక్కడో తగిలింది. అప్పుడు ఆ గూడెంలో ఒక ఆవిడ సంగతి చెప్పాడు.

ఆమె భర్త రెండేళ్ళ కింద జ్వరంతో పోయాడు. ఉన్నదల్లా అడవి నరికి చేసుకున్న పోడు చెలక. దాంట్లోనే జొన్న, కంది, పక్కన కాస్త పత్తి. దానికి పట్టా రావాలంటే, చట్టం పెట్టిన గడువుకు ముందు నుంచి ఆ భూమి వాళ్ళ సాగులో ఉందని గ్రామసభలో తేలాలి. కాగితం లేనివాళ్ళకు ఊళ్ళో పెద్దవాళ్ళ నోటిమాట కూడా ఆధారమే, కానీ ఆమె తన సంగతి తాను చెప్పుకున్నాక ఇంకో ఇద్దరైనా లేచి చెప్పాలని అధికారులు అన్నారు. పట్టా రాకపోతే ఆ చెలక అడవిలో కలిసిపోతుంది, ఆమె కూలికి పోవాలి.

ఏ సంవత్సరం నుంచి దున్నుతున్నారంటే గూడెంలో ఎవరూ చెప్పలేరు. వాళ్ళకు గుర్తున్నది ఒక రాయి. ఆ చెలకల మధ్య గట్టు మీద గూడెం పూజారి నిలబెట్టిన రాయి. ఏటా విత్తనాలు వేసే ముందు భూమి పండుగ నాడు ఆ చెలకల్లో భూమి ఉన్న ప్రతి ఇల్లూ పిడికెడు గింజలు తెచ్చి ఆ రాయి దగ్గర పెట్టాలి. భూమి లేనివాళ్ళు పెట్టరు. కాబట్టి గింజలు పెట్టారంటే భూమి ఉన్నట్టే. గడువు తేదీకి ఎంతో ముందు నుంచి ఆ రాయి అక్కడ ఉందని అందరికీ తెలుసు. ఆమె లేచి, మేమూ అక్కడ గింజలు పెట్టి మొక్కాం అని చెబితే చాలు, కేసు సగం తేలినట్టే.

"చెప్పమనండి మరి," అన్నాను.

"విగ్రహానికి మొక్కినని పదిమందిలో చెప్పుకోవాలి టీచర్ గారూ. బాప్తిస్మం తీసుకున్న మనిషి."

అంతకన్నా పెద్ద చిక్కు ఇంకోటి ఉంది. రాయికి ఒక పక్క ఆమె చెలక, రెండో పక్క వాళ్ళ సంఘపెద్ద చెలక. ఆయన ఆమె భర్తకు పెదనాన్న కొడుకు, ఆమెకు బావ వరస. అన్నదమ్ములిద్దరూ కలిసే ఆ అడవి నరికారు. గూడెంలో మొదట బాప్తిస్మం తీసుకున్నది ఆయనే. ఆయన సాక్ష్యం చుట్టుపక్కల చర్చిల్లో కూడా పేరున్న సాక్ష్యం. పుట్టినప్పటి నుంచి ఏ రాయికీ మొక్కలేదని, తల్లి గర్భంలోనే దేవుడు తనను ఏర్పరచుకున్నాడని మైకులో చెబుతాడు. బయటి నుంచి బోధకులు వచ్చినప్పుడల్లా ఆయన్నే లేపి చెప్పిస్తారు. గూడెంలో పాతకాలపు వాళ్ళకు అది నిజం కాదని తెలుసు. ఎవరూ అనరు. ఆమె లేచి ఆ రాయి సంగతి చెబితే, మరి మీ బావ సంగతేమిటని అక్కడే ఎవరో ఒకరు అడుగుతారు.

పాస్టరు గారు ఒక ఉపాయం ఆలోచించాడు. గ్రామసభ ఆదివారం పొద్దున పెట్టారు. ఆ వేళకు చర్చివాళ్ళంతా షెడ్డులోనే ఉంటారు. ఆమె ఒక్కతే వెళ్ళి అక్కడ చెప్పాల్సింది చెప్పి వచ్చేస్తుంది. అక్కడి మాట అక్కడే ఉంటుంది. పూజారి ఎట్లాగూ అక్కడే ఉంటాడు, పాత మతం వాళ్ళలో ఇంకొకరు దొరక్కపోరు.

నాకు ఆ ఉపాయం నచ్చలేదు. దొంగచాటుగా నిజం చెప్పడమేమిటి? అయితే భూమి ఆమెది, నాది కాదు కాబట్టి నోరు మూసుకున్నాను. ఆయన మాట మార్చి, సాక్ష్యాలు ఎట్లా ఉంటాయో ఈ ఆదివారం వచ్చి వినమని, విన్నాక పంచుకొనుట ఉంచాలో కొట్టేయాలో చెప్పమని పిలిచాడు. వస్తానన్నాను.

ఆదివారం ఆటో మాట్లాడుకుని వెళ్ళాను. గూడెం చివర షెడ్డు కనిపించింది. చాపలు పరిచి ఉన్నాయి, మైకు పెట్టి ఉంది, మనిషి మాత్రం లేడు. పాస్టరు గారు గుమ్మంలో బైబిలు పట్టుకుని, పెళ్ళివారు రాని పందిట్లో పురోహితుడిలా నిలబడి ఉన్నాడు. వీధిలో పోతున్న ముసలామెను పిలిచి అడిగితే సంగతి తెలిసింది.

గ్రామసభలో జనం చాలకపోతే తీర్మానం చెల్లదు. సగం మందైనా కూర్చోవాలి. అందుకని పొదుపు సంఘాల ఆడవాళ్ళను తప్పకుండా రప్పించమని పంచాయతీ వాళ్ళు చాటింపు వేసేవాడికి చెప్పారు. వాడు శనివారం సాయంత్రం డప్పు కొట్టి, "ఐతారం పొద్దుగాల సంఘపోళ్ళందరు పంచాయతి కాడికి రావాలె, రాకుంటె పేరు తీసేస్తరు" అని గూడెం అంతా తిరిగాడు. ఆదివారం, సంఘం, పేరు తీసేయడం. వింటే ఏ సంఘం అనుకోవాలి? సర్కారు వాళ్ళు తమ మీద ఏదో విచారణ పెట్టారని చర్చివాళ్ళు అనుకున్నారు. పాస్టరు గారు ముందు రోజు కొత్తగూడెంలో ఉన్నాడు, అడగడానికి లేడు. పొద్దున్నే సంఘపెద్ద ముందు నడవగా తెల్ల చీరలు కట్టుకుని, ముసుగులు వేసుకుని, బైబిళ్ళు చంకలో పెట్టుకుని సంఘం మొత్తం పంచాయతీ ఆఫీసుకు వెళ్ళిపోయింది.

నాకు నవ్వొచ్చింది. పాస్టరు గారికి రాలేదు. "అయ్యో, ఆమె," అన్నాడు. అప్పుడు నాకూ అర్థమైంది. ఇద్దరం నా ఆటోలోనే వెళ్ళాం.

మేం చేరేసరికి పంచాయతీ ఆఫీసు ముందు షామియానా కింద సభ నడుస్తోంది. ముందు వరసల్లో చర్చి జనం, పాటకు సిద్ధంగా ఉన్నట్టు నిటారుగా కూర్చున్నారు. వాళ్ళ వెనక పొదుపు సంఘాల ఆడవాళ్ళు. ఒక పక్కన పాత మతం వాళ్ళు, వాళ్ళ మధ్య తలగుడ్డ చుట్టుకున్న పూజారి. ఇంతమంది వచ్చినందుకు పంచాయతీ కార్యదర్శి చాలా సంతోషంగా ఉన్నాడు. తప్పుగా వచ్చామని సంఘపెద్దకు అప్పటికే తెలిసిందట, కానీ కార్యదర్శి కూర్చున్నవాళ్ళను లేవనివ్వలేదు.

ఆమె పేరు పిలిచారు. అంతవరకు ఆమెను నేను చూడలేదు. సన్నగా, నల్లగా, యాభై దాటిన మనిషి. లేచి ముందుకు వచ్చింది. ఎదురుగా తన సంఘం అంతా కూర్చుని ఉంది. ఎవరికీ తెలియకుండా చెప్పి వెళ్ళిపోవాల్సిన మాట. ఇప్పుడొద్దు, ఇంకోరోజు చెబుతానని కూర్చుంటే ఎవరూ ఏమీ అనరు.

ఆమె పైట సర్దుకుని, చేతులు కట్టుకుని, చర్చిలో నిలబడినట్టే నిలబడి మొదలుపెట్టింది. "అందరికి వందనాలు. నా సాక్ష్యం ఏందంటే," అంది. పొదుపు సంఘం వాళ్ళలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమె ఆగలేదు. "ఆ రాయి పక్కన చెలక మాది. మా ఆయన అడవి కొట్టిండు, నేను కంపలు ఏరిన. ఏటేటా పండుగ నాడు రాయి కాడ గింజలు పెట్టినం. నేను గూడ పెట్టిన. నేను గూడ మొక్కిన. మొక్కలేదని చెప్తె దేవుని ముంగట అబద్ధమైతది. ఇదే నా సాక్ష్యం."

చర్చిలో ఒకరు సాక్ష్యం ముగిస్తే మిగతావాళ్ళు "దేవునికి స్తోత్రం" అనాలి. ఎవరూ అనలేదు.

పూజారి లేచాడు. ఆమె పండుగకు రావడం మానేసినప్పటి నుంచి ఆయన ఆమెతో మాట్లాడడం లేదని పాస్టరు గారు నా చెవిలో చెప్పాడు. "అవ్, పెట్టింది. నేనే ఆమె చేతుల నుంచి గింజలు తీసుకున్న," అన్నాడు. తర్వాత ఆమె వైపు తిరిగాడు. "గానీ ఒక మాట అడుగుత బిడ్డా. ఊరి పండుగకు రానోళ్ళు ఊరోళ్ళెట్ల అయితరు?"

"రాయిని కదిపిన్నా మామా?" అంది ఆమె. "దున్నేటప్పుడు నాగలి ఎన్నడన్న తగలనిచ్చిన్నా? పండుగకు రాలే. ఊరిడిచి పోలే."

పూజారి "లేదు, కదపలే," అని కూర్చున్నాడు.

పూజారి కాక ఇంకో సాక్షి కావాలన్నాడు కార్యదర్శి. పాత మతం వాళ్ళలో ఆ చెలకల వైపు భూమి ఉన్నవాళ్ళు లేరు. ఆ చెలకల వాళ్ళంతా ఇప్పుడు ముందు వరసల్లో బైబిళ్ళు పట్టుకుని కూర్చున్నారు. ఆమెకు సాక్ష్యం చెప్పాలంటే తామూ అక్కడ ఉన్నామని, తామూ పెట్టామని చెప్పాలి. ఎవరి చూపూ సంఘపెద్దను దాటి పోవడం లేదు. ఆయన నేల చూస్తున్నాడు.

అప్పుడు పాస్టరు గారు నడుచుకుంటూ ముందుకు వెళ్ళాడు. ఆయన ఆ ఊరికి తర్వాత వచ్చినవాడు, సాక్ష్యం చెప్పడానికి పనికిరాడు. తన వాళ్ళ వైపు తిరిగి, షెడ్డులో ప్రార్థనకు లేపే గొంతుతోనే అన్నాడు: "ఆమె చెప్పింది అబద్ధమైతే కూసోండి. నిజమైతే లేవండి. ఏం మాట్లాడక్కర్లేదు."

ముందు సంఘపెద్ద భార్య లేచింది. ఆమె వెనక ఇంకొకామె. తర్వాత మగవాళ్ళు. తెల్లచీరలన్నీ లేచాయి. సంఘపెద్ద కూర్చునే ఉన్నాడు. కార్యదర్శి అందరి పేర్లూ అడిగి రాసుకున్నాడు. పట్టా దరఖాస్తుల్లో తర్వాతి పేరు సంఘపెద్దదే. పిలిస్తే, "నాది తర్వాత చూద్దాం సారు," అని లేచి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం షెడ్డులో ఆరాధన జరిగింది కానీ పాటలు సరిగ్గా సాగలేదు. పాస్టరు గారు నాకు అన్నం పెట్టించాడు. నేను ఆయన్ను మెచ్చుకున్నాను. మెచ్చుకోవడం నాకు అంత అలవాటు లేని పని కాబట్టి ఆయన కంగారు పడ్డాడు.

గ్రామసభలో చేసినదాని ఫలితం ఆయన అనుభవించాడు. విగ్రహం గురించి సాక్ష్యం చెప్పించిన పాస్టరని పైవాళ్ళకు ఫోన్లు వెళ్ళాయి. సంఘపెద్ద తన చుట్టాల ఇళ్ళతో వేరుపడి తన ఇంటి ముందే కూడికలు పెట్టుకున్నాడు. భార్య మాత్రం షెడ్డుకే వస్తోందట. పాస్టరు గారు వ్యాసం చివరి అధ్యాయం ఆపేసి నా వరండాలో కూర్చుని, ఆ రోజు తను చేసింది వేదాంతమా, కోపమా అని నన్ను అడిగాడు. నాకెట్లా తెలుస్తుంది? నేను ప్రూఫులు దిద్దేదాన్ని. "పంచుకొనుట" కొట్టేశాను, "చెప్పుట" అని రాశాను, ఆయన ఈసారి వాదించలేదు.

మిగిలిన దరఖాస్తుల కోసం మళ్ళీ గ్రామసభ పెట్టారు. నాకు అక్కడ ఏ పనీ లేదు. అయినా వెళ్ళాను. ఈసారి చాటింపు సరిగ్గానే వేశారు. చర్చివాళ్ళు కూడా వచ్చారు, బైబిళ్ళు తేలేదు.

సంఘపెద్ద పేరు పిలిచారు. ఆయన లేచి, చెలక నాదే, ఎప్పటి నుంచో దున్నుతున్న, అని మాత్రం అన్నాడు. రాయి మాట ఎత్తలేదు. కార్యదర్శి పూజారి వైపు చూశాడు.

పూజారి కూర్చున్న చోటు నుంచే మాట్లాడాడు. కోపం లేదు, ఎగతాళి కూడా లేదు, ఉన్న సంగతి చెబుతున్నట్టే చెప్పాడు. "ఆ రాయికి ఎన్నడు మొక్కలేదని ఆయనే మైకుల చెప్పిండు. ఊరంత ఇన్నది, నేను గూడ ఇన్న. మొక్కనోడు గింజలు పెట్టనట్టే గద సారూ. పెట్టనోనికి ఆడ భూమి ఉన్నదని నేనెట్ల చెప్పాలె? ఆయన నోటితోని ఆయన చెప్పుకుంటె, అప్పుడు నేను లేస్త."

సంఘపెద్ద నిలబడే ఉన్నాడు. ముఖానికి చెమట పట్టింది. ఆయన వెంట వేరుపడ్డ చుట్టాలు ఆయన్నే చూస్తున్నారు. ఊరూరా తిరిగి చెప్పిన సాక్ష్యం ఒక పక్క, చెలక ఒక పక్క. రెండూ దక్కే దారి లేదు. నాకు ఆ మనిషి మీద జాలి కలుగుతుందని నేను అనుకోలేదు, కలిగింది. కార్యదర్శి తలవంచి ఏదో రాయబోయాడు.

"ఆగు సారూ," అని ఆమె లేచింది. ఆమె పట్టా సంగతి అప్పటికే తేలిపోయింది. ఆ రోజు ఆమె రావాల్సిన పని కూడా లేదు.

"మా బావ పెట్టిండు," అంది. "మా ఆయనా, బావా కలిసి కొట్టిన్రు ఆ అడవి. పండుగ నాడు మా ఇంటికంటె ముందుగాల బావనే గింజలు తెచ్చేది. నేను జూసిన. నేను సాక్షిని."

అని ఆయన వైపు చూడకుండా కూర్చుంది. చర్చివాళ్ళు కదల్లేదు, చుట్టాలు కదల్లేదు. కార్యదర్శి పెన్ను ఎత్తి పట్టుకుని అడిగాడు. "పెద్దాయనా, ఆమె చెప్పింది నిజమేనా?"

సంఘపెద్ద పెదవులు కదిలాయి. నాకేమీ వినిపించలేదు.

"గట్టిగ చెప్పుర్రి, ఇనబడలే," అన్నాడు కార్యదర్శి.

"అవ్," అన్నాడు ఆయన. గొంతు సవరించుకుని, మైకులో చెప్పేటప్పుడు ఎట్లా చెబుతాడో అట్లా, అందరికీ వినిపించేట్టు మళ్ళీ అన్నాడు. "అవ్. పెట్టిన. మొక్కిన."

పూజారి తలగుడ్డ తీసి చేత్తో పట్టుకుని లేచి నిలబడ్డాడు.